పడినట్టు రుజువు

ఆడవాళ్ళకు వ్యాపారంలో ఆత్మస్థైర్యం ఎంత ఉండాలన్నది మా ఊళ్ళో మొన్న వేసవిలోనే నిర్ణయమైంది. అంతకుముందు ఎవరికి ఉన్నంతలో వాళ్ళం సర్దుకునేవాళ్ళం.

మాది వడియాల వ్యాపారం. నేను, మస్తాన్‌బీ, దీనమ్మ, ముగ్గురం కలిసి చేస్తాం. తెల్లవారుతూనే మా వంటింట్లో పిండి ఉడికించి, బట్టల మీద వడియాలు పెట్టి, ఎండబెట్టి కొట్లకు వేస్తాం. పిండి, సగ్గుబియ్యం, ఉప్పు, జీలకర్ర, పచ్చిమిరపకాయలు బజార్లో దొరుకుతాయి. ఎండ మాత్రం భగవంతుడు ఇవ్వాలి, అది పడే చోటు ఎవరో ఒకరు చూపించాలి. మా ముగ్గురివీ రేకుల ఇళ్ళు. వీధిలో ఆరేస్తే దుమ్ము, పెరట్లో ఆరేద్దామంటే పెరడు లేదు. అందుకని బస్టాండు వెనకున్న మహిళా వ్యాపార ఆత్మస్థైర్య కేంద్రం డాబా మీద ఆరబెట్టుకునేవాళ్ళం. ఆ భవనం తెరిచిన రోజున పెద్దలెవరో మైకులో, "ఇది ఆడపడుచులది, వాడుకోండి" అన్నారు. మేం ఆ మాట నమ్మి వాడుకున్నాం. వేసవిలో ఆ డాబా మీద ఎండినదే మా మూడిళ్ళకూ ఏడాది తిండి.

ఉగాది వెళ్ళిన తరువాత ఒక ఉదయం పిండి గిన్నెలు నెత్తిన పెట్టుకుని వెళ్ళేసరికి డాబా మెట్లకు తాళం వేసి ఉంది.

"కొత్త సారొచ్చాడమ్మా. ధైర్యం ఉన్నోళ్ళకే తాళం చెవి ఇయ్యమన్నాడు" అన్నాడు వాచ్‌మన్.

"ధైర్యం లేకుండానే ఈ కాలే గిన్నె నెత్తినెట్టుకోని లారీల మజ్జలో నడిచొచ్చామా అన్నా?" అంది దీనమ్మ.

"నాకు తెలుసు తల్లీ. సారుకి తెలవాలిగా."

కొత్త సారు పేరు పుండరీకాక్షం గారు, సహాయ సంచాలకులు. ఆ పేరు వినగానే నేను లోపల దండం పెట్టుకున్నాను. ఏసీ గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు.

"అమ్మా, నూతన మార్గదర్శకాల ప్రకారం కేంద్రపు వసతులన్నీ స్థైర్య ధ్రువీకరణ పొందిన మహిళలకు మాత్రమే వర్తిస్తాయి. స్థైర్యమనగా పడి లేచే సామర్థ్యం. కావున ముందుగా పతనం, తదుపరి ఉత్థానం. మీ పతన వివరములు తెలియజేయండి."

"మేం పళ్ళేదండీ. దేవుడి దయవల్ల ఇంతవరకు బాగానే జరిగిపోతంది" అన్నాను.

ఆయన మొహంలో జాలి కనిపించింది. "అదే సమస్య. పడనివారు లేచినట్లు మేము ఎట్లా నమోదు చేయగలం? బాగా ఆలోచించండి. నష్టం, విఘాతం, వైఫల్యం, ఏదో ఒకటి ఉండకపోదు."

మస్తాన్‌బీ సాయం చేద్దామని ముందుకు జరిగింది. "పోయినేడు కాకులొచ్చి ఎత్తకపోయినియ్ సార్."

"ఎంత పరిమాణం?"

"పిడికెడు ఉంటాయేమో."

"దానిని తరుగు అంటారు. పతనం అనరు."

దీనమ్మ అంతసేపూ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తరువాత నెమ్మదిగా అంది. "నేను పడ్డానండీ. చంటిపిల్ల చంకలో ఉండంగా మా ఆయన వదిలేసి పోయాడు. తిండి లేదు, ఇల్లు లేదు. ఈ అక్క పిలిచి పనిలో చేర్చుకుంటే మళ్ళీ లేచాను."

పుండరీకాక్షం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు మనసు లేకపోలేదు. "చాలా విచారకరమమ్మా. అయితే అది కుటుంబ పతనం. దానికి సంక్షేమ శాఖ వారు వేరుగా ఉన్నారు. మాది కేవలం వ్యాపార పతనం."

"రెండూ ఒక్క మనిషికే గదండీ జరిగేది?" అని అడిగాను. నిజంగా తెలుసుకుందామనే అడిగాను.

"మనిషి ఒక్కరే. శాఖలు రెండు" అన్నారాయన.

నేను చదివింది ఎనిమిదో తరగతి. అంతకు మించి అడగడానికి నాకు ఏమీ తోచలేదు. బయట ఎండ మండిపోతోంది. గిన్నెల్లో పిండి గట్టిపడుతోంది. మా అవస్థ చూసి ఆయనే ఒక దారి చెప్పారు. పతన చరిత్ర లేని మహిళల కోసం పర్యవేక్షిత పతనం అని ఒక వెసులుబాటు ఉందట. కేంద్రం వాళ్ళ కళ్ళెదుట పడి, కేంద్రం వాళ్ళ సలహాతో లేస్తే సరిపోతుందట. పడే వరకు డాబా తాత్కాలికంగా వాడుకోవచ్చు.

"పడటానికైతే తాళమిస్తారంట వదినా" అంది మస్తాన్‌బీ మెట్లెక్కుతూ.

మొదట సహజ పతనం ప్రయత్నించారు. అంటే వడియాలు డాబా మీద ఆరబెట్టి, వాన వచ్చినా మేం తియ్యకూడదు. అవి తడిసి ముద్దయితే అది పతనం. వాచ్‌మన్‌ను పక్కనే గొడుగు పట్టుకుని నిలబడమన్నారు, గొడుగు అతనికే, వడియాలకు కాదు. మేం ఆకాశం చూశాం. పుండరీకాక్షం గారు గంటకోసారి పైకొచ్చి ఆకాశం చూశారు. ఎర్రటి ఏప్రిల్ నెల. ఒక్క మబ్బు తునక లేదు. ఆ వారం మా వడియాలు ఎండినట్టు ఎన్నడూ ఎండలేదు. నూనెలో వేస్తే పువ్వుల్లా విచ్చుకున్నాయి. కొట్లవాళ్ళు ఇంకా కావాలన్నారు.

"పురోగతి ఎట్లా ఉంది?" అని ఆయన అడిగితే, "బాగున్నాయి సార్" అంది దీనమ్మ.

"బాగుండటం కాదమ్మా నేనడిగేది" అన్నారు, పాపం నీరసంగా. జిల్లా నుంచి ఆయనకు ఫోన్లు వస్తున్నాయట. పక్క ఊరి కేంద్రంలో ఆడవాళ్ళు ఇప్పటికే పడిపోయారట, కొందరు రెండోసారి కూడా పడ్డారట.

అందుచేత ఆయన కృత్రిమ వర్షం గురించి ఆలోచించి, ఫైరింజను పంపమని అగ్నిమాపక కేంద్రానికి లేఖ రాశారు. నిప్పు లేని చోట నీళ్ళు ఇవ్వడానికి వీలుపడదని వాళ్ళు జవాబు పంపారు. పుండరీకాక్షం గారు ఆ జవాబు చేతిలో పట్టుకుని డాబా నాలుగు మూలలూ చూస్తూ చాలాసేపు ఆలోచించారు. ఆలోచన ఎటు పోతోందో కనిపెట్టి వాచ్‌మన్ పిట్టగోడ మీదున్న తన అగ్గిపెట్టె తీసి జేబులో వేసుకున్నాడు.

చివరికి ఆయన మమ్మల్ని పిలిపించారు. "ఇక స్వయం సహాయక పద్ధతి ఒక్కటే మిగిలింది. సోమవారం రాష్ట్ర కేంద్రం నుంచి సంయుక్త సంచాలకులు మేడం గారు వస్తున్నారు. వారి సమక్షంలో మీరే నీళ్ళు మోసుకొచ్చి, మీ ఉత్పత్తిని మీరే తడుపుకోవాలి. తదుపరి మేడం గారి ప్రసంగంతో ఉత్తేజితులై లేవాలి. లేవనిచో డాబా వసతి ఈ సంవత్సరానికి రద్దవుతుంది."

"మా కుళాయికి దినం మార్చి దినం నీళ్ళండీ. తాగటానికే చాలవు" అంది మస్తాన్‌బీ.

"త్యాగం స్థైర్యానికి తొలి మెట్టు."

పొద్దున పిండి కలిపేటప్పుడు గిన్నెను కళ్ళకద్దుకుని కలుపుతాను. మా అమ్మ అట్లాగే కలిపేది. "అయ్యా, అన్నం మీద నీళ్ళు పోసి పాడుచెయ్యమంటే చెయ్యి ఎట్టా వస్తదండీ? పాపం గదా?" అన్నాను.

"అది అన్నం కాదమ్మా, ఉత్పత్తి. ఉత్పత్తికి పాపం అంటదు" అని ఆయన నచ్చచెప్పారు.

ఆ సాయంత్రం దీపం పెట్టి స్వామి ముందు కూర్చున్నాను. ఏమని కోరుకోవాలో తెలియలేదు. నీళ్ళు పొయ్యకపోతే డాబా పోతుంది. డాబా పోతే దీనమ్మ బిడ్డ బడి మానేస్తుంది, మస్తాన్‌బీ మళ్ళీ ఇళ్ళల్లో అంట్లు తోముకుంటుంది. పోస్తే, చేతులారా చేసిన తిండిని చేతులారా నేలపాలు చెయ్యాలి. "నువ్వే చూసుకో" అని లేచాను. మా ఆయన మజ్జిగ తాగుతూ, "పోనీ కొద్దిగా పెట్టండి, కొద్దిగా పాడవుద్ది" అన్నాడు. మగవాళ్ళు లెక్కల్లో మంచి తెలివైనవాళ్ళు. కానీ సారు ఆ సంగతి ముందే ఊహించి డాబా నిండా పెట్టాలని చెప్పి పంపారు.

ఆదివారం డాబా నిండా పెట్టాం. సోమవారానికి అవి ఒక ఎండ ఎండాయి. డాబా మీద షామియానా వేశారు. 'పడదాం, లేద్దాం, ఎదుగుదాం' అని ఫ్లెక్సీ కట్టారు. సంయుక్త సంచాలకులు ప్రణతి మేడం గారు వచ్చారు. చల్లటి మాట, పట్టుచీర, చేతిలో మైకు. పుండరీకాక్షం గారు మైకులో ప్రకటించారు. "ఇప్పుడు పతన కార్యక్రమం."

మేం మూడు బిందెలతో మెట్లెక్కి వచ్చి నిలబడ్డాం. ఫోటోగ్రాఫరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పుడు మస్తాన్‌బీ పక్కకు వచ్చి చెవిలో అంది.

"వదినా, బట్ట తిరగేద్దామా?"

"దేనికి?"

"ఇయ్యాల ఎట్టాగూ ఒలవాలిగా."

వడియాలు పెట్టుకునే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఈ మాట చెప్పనక్కర్లేదు. ఒక ఎండ ఎండిన వడియాలు బట్టను పట్టుకుని ఉంటాయి. లాగితే విరుగుతాయి. బట్ట తిరగేసి వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే కాసేపటికి వాటంతటవే ఊడి వస్తాయి. మా పనిలో అది ప్రతి సోమవారం, ప్రతి గురువారం జరిగేదే. కంగారులో నాకే తట్టలేదు.

అయినా అడిగి చెయ్యడం మంచిదని, "అయ్యా, బట్ట ఏ పక్క తడపమంటారు?" అన్నాను.

ఆయన మేడం వైపు ఒక చూపు, గడియారం వైపు ఒక చూపు చూశారు. "ఏ పక్కయినా ఒకటే. తడవటం ముఖ్యం. కానీయండి."

బట్టలు తిరగేశాం. బిందెల్లో చెయ్యి ముంచి చిలకరించాం. నీళ్ళు కూడా బిందెకు సగం మిగిలాయి. తడిసిన బట్టల పక్కన మేం తలలు వంచుకుని కూర్చున్నాం, అవి నానాలి కదా. ఫోటోగ్రాఫరు ఆ దృశ్యం నాలుగు వైపుల నుంచీ తీశాడు. ఎవరో ముక్కు చీదారు.

ప్రణతి మేడం లేచారు. "సోదరీమణులారా, ఇప్పుడు మీకు ఏమనిపిస్తోంది? శూన్యం. అంతా పోయిందనిపిస్తోంది. కళ్ళు మూసుకోండి. దీర్ఘంగా శ్వాస తీసుకోండి. నాలో శక్తి ఉంది అని మూడుసార్లు అనుకోండి."

నేను కళ్ళు మూసుకుని రామనామం అనుకున్నాను. అది కూడా శక్తే గదా.

ప్రసంగం అయ్యేసరికి బట్టలు సరిగ్గా నానాయి. మేం లేచి, బట్టలు మళ్ళీ తిప్పి వడియాలు ఒలిచి చేటల్లో వేసుకోవడం మొదలుపెట్టాం. ఒక్కటి విరగలేదు. మేడం గారు ముందుకొచ్చి చేటల్లోకి చూశారు. తరువాత చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. పుండరీకాక్షం గారి కళ్ళు చెమర్చాయి.

"నా సర్వీసులో ఇంత త్వరితమైన ఉత్థానం చూడలేదు" అన్నారు మేడం. "ఇది కేవలం మాట ప్రభావం."

అబద్ధమాడామా అని నాకు అనుమానం వచ్చింది. దీనమ్మను అడిగాను.

"మనల్నేమన్నా అడిగారా అక్కా? తడపమన్నారు, తడిపాం. లెగమన్నారు, లెగిశాం" అంది అది.

డాబా దక్కిందనుకుని మరునాడు గిన్నెలెత్తుకుని వెళ్ళాం. మెట్లకు మళ్ళీ తాళం. పుండరీకాక్షం గారు గుమ్మంలోకే ఎదురొచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"అభినందనలు. మీ ముగ్గురికీ ఆదర్శ స్థైర్య మహిళల హోదా మంజూరైంది."

"సంతోషమండీ. తాళం?"

"అక్కడే ఒక చిన్న సాంకేతిక అంశం. డాబా వసతి ఎదుగుతున్న మహిళలకు ఉద్దేశించినది. మీరు ఎదిగిన మహిళలు. ఇంతటి స్థైర్యం గలవారికి ఆసరా ఇవ్వటం వారిని అవమానించటమే అవుతుందని మేడం గారి అభిప్రాయం."

"మమ్మల్ని అవమానించండి సార్, ఏం పర్లేదు" అంది మస్తాన్‌బీ.

ఆయన నవ్వారు. తరువాత అసలు సంగతి చెప్పారు. రేపటి నుంచి మేం శిక్షకులం. కింది హాల్లో నలభై మంది ఆడవాళ్ళకు పడి లేవటం నేర్పాలి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. రాకపోతే హోదా ఉపసంహరించి, వచ్చే ఏడాది మళ్ళీ మొదటి నుంచి పడాల్సి ఉంటుంది.

పది నుంచి నాలుగు అంటే ఎండ ఉన్నంతసేపూ. నేను ఆ మాటే అన్నాను.

"అందుకేనమ్మా ఏసీ పెట్టించాం" అన్నారాయన.

అట్లా మేం ముగ్గురం హాల్లో కుర్చీల్లో కూర్చున్నాం. ఎదురుగా నలభై మంది. అప్పడాల వాళ్ళు, సాంబ్రాణి కడ్డీల వాళ్ళు, ఊరగాయల వాళ్ళు, రేవు నుంచి వచ్చిన ఎండు చేపల వాళ్ళు. అందరికీ తువ్వాలు కప్పుకునేంత చలి. కిటికీ అద్దం అవతల మాత్రం ఎండ, కాలిన పెనంలా ఉంది. వారం గడిచేసరికి వేసవిలో ఒక వారం పోయింది. మా ఇంట్లో నానబోసిన సగ్గుబియ్యం పులిసిపోయి పారబోశాం. కొట్లవాళ్ళు ఒకసారి అడిగి ఊరుకున్నారు. రెండోసారి అడిగితే బాగుండునని ఎదురుచూశాను. అడగలేదు. దీనమ్మ మాట్లాడటం మానేసింది. దాన్ని అట్లా చూడటం నాకు కొత్త. మొగుడు వదిలేసినప్పుడు కూడా అది నోరు మూసుకోలేదు.

పేరుకు శిక్షకులం మేమే అయినా పాఠం చెప్పేది పుండరీకాక్షం గారే. రెండో వారం ఆయన చెబుతుండగా రేవు నుంచి వచ్చిన సింహాలమ్మ లేచి నిలబడింది.

"బాబూ, నా చేపలు ఎవురు తిరగేత్తారు? ఒకపక్కే ఎండి పురుగట్టేత్తన్నాయి."

"సందేహములు చివరన అడగాలమ్మా."

"చివరాకరికి పురుగులే మిగుల్తాయి బాబూ."

హాల్లో అందరూ నవ్వారు, దీనమ్మ తప్ప. దాని మొహం చూశాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇంత మంది చేతుల్లో పని ఉంది, పైన ఎండ ఉంది, మధ్యలో ఒక తాళం ఉంది. స్వామీ, ఇన్ని అమర్చి ఇంత చిన్నది ఎందుకు అడ్డం పెట్టావని లోపల అడిగాను. ఆయన బదులు చెప్పలేదు గానీ, నాకు పైకి మాట వచ్చింది.

"అయ్యా, ఒక్క మాట. మీరు చెప్పేది బాగానే ఉంది గానీ, మా బుర్రల్లోకి మాటలు తొందరగా ఎక్కవు. చేసి చూపిస్తేనే వస్తది. మా అబ్బాయి చదువుకునేటప్పుడు ప్రాక్టికల్స్ అని ఉండేయి. ఇక్కడ అట్టాంటివి ఏమన్నా ఉన్నాయా?"

పుండరీకాక్షం గారు ఆగిపోయారు. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. తరువాత వాచ్‌మన్ చెబితే తెలిసింది, ప్రయోగాత్మక శిక్షణ ఏదీ జరగటం లేదని పైనుంచి ఆయనకు మూడుసార్లు మెమో వచ్చిందట.

"ప్రయోగాత్మక శిక్షణ" అన్నారాయన, ప్రసాదం పుచ్చుకున్నట్టు. "క్షేత్రస్థాయిలో. అవశ్యం చేపట్టాలి. దానికి ప్రదేశం?"

"మీ ఇష్టమండీ. ఎండ ఉండే చోటైతే, కష్టానికి తట్టుకోవటం కూడా వస్తది."

"ప్రతికూల వాతావరణంలో స్థైర్య సాధన" అని ఆయన తనలో తాను అనుకుని, వాచ్‌మన్‌ను కేకేశారు. "డాబా తాళం తియ్యవయ్యా."

దీనమ్మ అందరికంటే ముందు మెట్లెక్కింది. మరునాటికి డాబా మీద జాగా చాల్లేదు. తూర్పు వైపు మా వడియాల బట్టలు, మధ్యలో అప్పడాలు, పిట్టగోడ పొడుగునా మామిడికాయ ముక్కలు, సాంబ్రాణి కడ్డీలు. సింహాలమ్మ చేపల గంప దించుతుంటే నేను కాస్త ముక్కు మూసుకున్నాను. ఇంట్లో పూజ ఉంది మరి.

"సింహాలమ్మా, నీ చేపపిల్లల్ని ఆ పడమటి మూలన పడుకోబెట్టమ్మా. గాలి ఇటు రాకుండా చూడు" అన్నాను.

"గాలిని కూడా మీ మడిలోకి రానివ్వవా అక్కా?" అంది దీనమ్మ, చాలా రోజుల తరువాత.

పదిన్నరకు పుండరీకాక్షం గారు పరిశీలనకు పైకొచ్చారు. కాళ్ళు కాలుతుంటే ఒక్కో అడుగు ఎత్తి వేస్తూ, వడియాల మధ్య సందు చూసుకుంటూ మా దాకా వచ్చారు. నలభై మంది ఆడవాళ్ళు వంగి పని చేసుకుంటున్నారు, కబుర్లు చెప్పుకుంటున్నారు, సారును ఎవరూ పట్టించుకోలేదు. కొంగు నీడన కూర్చున్న నన్ను ఆయన అడిగారు.

"శేషారత్నమ్మ గారూ, సాయంత్రానికి నివేదిక పంపాలి. వీరిలో ఆత్మస్థైర్యం ఏ మేరకు పెరిగినదంటారు?"

నేను ఒక వడియం అంచు గోటితో ఎత్తి చూశాను. ఇంకా పచ్చిగా ఉంది.

"ఇంకో రెండు ఎండలు పడితే గానీ చెప్పలేమండీ" అన్నాను.

ఆయన చేతిరుమాలు నెత్తిన వేసుకుని, 'రెండు ఎండలు' అని శ్రద్ధగా రాసుకున్నారు.